పరికల్పన అంటే ఏమిటి?

ఎవరికైనా కొత్త ఊహ ఒకటి తట్టగానే దానిని "ఆయన సిద్ధాంతము" అనడము మనకు అలవాటు. ఇది సరికాదు. వాదము ముగిసిన తరువాత నిలిచిన నిర్ణయమే సిద్ధాంతము. ఇంకా పరీక్షకు నిలువవలసిన కొత్త భావానికి శాస్త్రములో వాడే మాట పరికల్పన; ప్రాక్కల్పన అని వ్రాసేవారూ ఉన్నారు. అయితే తోచినదల్లా పరికల్పన కాదు. కంటికి కనిపించిన విషయానికి అది కారణము చెప్పవలెను. తప్పయితే తప్పని తేల్చే మార్గమూ ఉండవలెను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరులో నిలిచి, సూర్యుని అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో పరీక్షించినాడు. అందులో ప్రకాశవంతమైన గీతలు కనిపించినవి. ఆనాటి గ్రహణాన్ని పరిశీలించినవారు కొందరు ఒక పసుపుపచ్చ గీతను చూచి, సోడియముది కాబోలు అనుకొన్నారు. అదే ఏడు ఇంగ్లండులో లాకియర్, గ్రహణము లేకుండానే, దాని స్థానమును కొలిచినాడు. అది సోడియము గీతలతో కలియలేదు. భూమిపై తెలిసిన ఏ మూలకముతోను కలియలేదు. కనుక సూర్యునిలో కొత్త మూలకమున్నదనే భావము పుట్టినది. సూర్యుని గ్రీకు పేరునుబట్టి దానికి హీలియమ్ అని పేరు వచ్చినది. లోహమనుకొని, లోహాల పేర్లకు వచ్చే "ఇయమ్" తగిలించినారు. తీరా అది వాయువు! పేరు మాత్రము అట్లే నిలిచిపోయినది.

ఇరవైయేడేండ్లు హీలియమ్ పరికల్పనగానే ఉన్నది. రసాయన శాస్త్రజ్ఞులలో నమ్మనివారు చాలమంది. 1895లో రామ్సే యురేనియముగల ఒక ఖనిజమునుండి ఆమ్లముతో వాయువును రాబట్టి చూడగా, అదే పసుపుగీత.

సరిగా ఇదే తర్కముతో మరొక మూలకమూ పుట్టినది. 1869లో అమెరికాలో కనిపించిన గ్రహణమున సూర్యుని చుట్టునుండే కిరీటపు వెలుగులో ఒక ఆకుపచ్చగీత కానవచ్చినది. దానికి కరోనియమ్ అని పేరు పెట్టినారు. అయితే ఇరవయ్యవ శతాబ్దములో పరమాణు సంఖ్యల వరుస తేలినప్పుడు తేలిక మూలకముల మధ్య దానికి చోటే దొరకలేదు. చివరకు 1940 ప్రాంతములలో స్వీడన్‌వాడైన ఎడ్లెన్, ఆ గీత 13 ఎలక్ట్రానులను పోగొట్టుకొన్న ఇనుప పరమాణువుదని చూపినాడు.

కరోనియమ్ సిద్ధాంతము తప్పయినదని అనరాదు; అది ఎన్నడూ సిద్ధాంతము కాలేదు. పరికల్పన వీగిపోయినది, అంతే. వీగిపోతూ ఒక మేలు చేసినది. ఇనుము అన్ని ఎలక్ట్రానులను వదులుకోవలెనంటే సుమారు పది లక్షల డిగ్రీల వేడి ఉండవలెను. సూర్యుని ఉపరితలముపై సుమారు 5,500 డిగ్రీలే ఉండగా, దానికి పైనున్న కిరీటము అంత వేడిదని ఆ గీతవల్లనే తెలిసినది. ఆ వేడికి కారణమేమిటో చెప్పే పరికల్పనలు ఈనాటికీ పరీక్షలోనే ఉన్నవి.