కుంగుబాటు చికిత్స: ‘పర్లేదు’ నుంచి పూర్తి స్వస్థత వరకు

ముందు భాగంలో తీవ్ర కుంగుబాటును ఎలా గుర్తించాలో చూశాం. దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలకు తగ్గకుండా ఉండి, వాటితో కలిపి తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు కనిపిస్తే ఆ నిర్ధారణ చేస్తారు. ఈ భాగంలో ప్రశ్న వేరు. చికిత్స మొదలయ్యాక రోగి ఎంతవరకు కోలుకుంటే చాలు?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టను తీసుకుందాం. జిల్లా కేంద్రానికి ఆత్మకూరు నుంచి సుమారు 60 కిలోమీటర్లు, ఉదయగిరి నుంచి సుమారు 100. సోమశిల జలాశయం ఆత్మకూరు డివిజన్‌లోనే ఉన్నా, ఉదయగిరి, సీతారామపురం వైపు సేద్యం చాలావరకు వానమీదా బోరుమీదా నడుస్తుంది. ఇక్కడ ‘నాకు దిగులుగా ఉంది’ అని వైద్యుడి ముందు కూర్చునేవారు తక్కువ. తలబరువు, గుండెదడ, ఒళ్ళునొప్పులు, నిద్ర పట్టకపోవడం అని చెబుతారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర బలానికి సూది వేయించుకుంటారు. తగ్గకపోతే ఆత్మకూరు దగ్గర ఏఎస్ పేట దర్గాకు వెళతారు. మానసిక వైద్యుడిని చేరేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ తరువాత ప్రతి నెలా నెల్లూరు ప్రయాణమంటే బస్సు చార్జీతోపాటు ఒకరోజు కూలీ, తోడు వచ్చేవారి కూలీ కూడా పోతాయి. కాబట్టి సగం నయం కాగానే చికిత్స ఆగిపోవడంలో వింతేమీ లేదు. దాన్ని రోగి నిర్లక్ష్యం అనడం నాకు సమ్మతం కాదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే నలభై ఏళ్ళ స్త్రీ. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కొలమానంలో, మొత్తం 27కు, ఆమెకు మొదటిరోజు 20 వచ్చింది. ఆరు వారాలు మాత్రలు వాడాక 9కి దిగింది. అన్నం తింటోంది, ఏడవడం మానేసింది. ‘ఇప్పుడు పర్లేదు సార్’ అంటాడు భర్త. కానీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. ఉలి పట్టుకుంటే చేయి సాగడం లేదు. చుట్టాల పెళ్ళికి వెళ్ళలేదు. ఈమెకు జబ్బు తగ్గినట్టా, తగ్గనట్టా?

శాస్త్రం ఇక్కడ రెండు మాటలను వేరుచేస్తుంది. లక్షణాల తీవ్రత సగానికి సగం తగ్గితే అది ‘స్పందన’. లక్షణాలు దాదాపు పూర్తిగా పోతే ‘ఉపశమనం’. పీహెచ్‌క్యూ-9లో 5కు లోపు, 1960లో మాక్స్ హామిల్టన్ రూపొందించిన కొలమానంలో 7 లేదా అంతకు తక్కువ. ఉపశమనం కొన్ని నెలలపాటు నిలిస్తే ‘స్వస్థత’ అంటారు. స్వస్థతకు ముందే జబ్బు తిరగబెడితే అది పాత దాడి కొనసాగింపు. స్వస్థత తరువాత వస్తే కొత్త దాడి. ఎలెన్ ఫ్రాంక్ బృందం 1991లో ఈ పదాలకు స్పష్టత తెచ్చింది. మన ఉదాహరణలోని స్త్రీ స్పందించింది, అంతే. ఉపశమనానికి ఇంకా చేరలేదు.

ఈ తేడా మాటల తేడా మాత్రమే కాదు. ఇంగ్లండ్‌లో పేకెల్ బృందం 1995లో ప్రచురించిన అధ్యయనంలో, కోలుకున్నా కొన్ని లక్షణాలు మిగిలినవారిలో 76 శాతం మందికి ఏడాది, ఏడాదింపావు లోపు జబ్బు తిరగబెట్టింది. లక్షణాలు మిగలనివారిలో 25 శాతం మందికే అలా జరిగింది. అంటే ఆ మూడు గంటల మెలకువను ‘వయసు మీదపడింది’ అని కొట్టిపారేయకూడదు.

మొదటి మందుతోనే అందరూ ఉపశమనం చేరరు. అమెరికాలో దాదాపు 4,000 మందితో జరిగిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మెట్టులో సుమారు మూడోవంతు మందే చేరారు. నాలుగు మెట్లు కలిపితే 67 శాతం అని 2006లో ప్రకటించారు. ఆ అంకె చాలా ఎక్కువని 2023 నాటి పునర్విశ్లేషణ ఒకటి వాదించింది. ఏ అంకెను నమ్మినా, మొదటి మందు చాలకపోతే రెండో మెట్టు ఎక్కాలన్న విషయం మారదు.

ఆ మెట్టుకు ముందు కొన్ని పరీక్షించాలి. మాత్ర రోజూ వేసుకుంటున్నారా? మోతాదు సరిపోయిందా? నాలుగు నుంచి ఆరు వారాలు ఆగారా? రక్తహీనత, థైరాయిడ్ లోపం, మద్యం అలవాటు ఉన్నాయా? ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలసిపోకుండా, అతిగా మాట్లాడుతూ, డబ్బు వెదజల్లిన రోజులున్నాయా? ఉంటే అది బైపోలార్ జబ్బు కావచ్చు, చికిత్స వేరు. ఇవన్నీ చూశాక వైద్యులు మోతాదు పెంచుతారు, మందు మారుస్తారు, లేదా లిథియం వంటి మరో మందు కలుపుతారు. తిండి నీళ్ళు మానేసిన స్థితిలోనూ, ప్రాణాపాయం ఉన్నప్పుడూ మత్తుమందు ఇచ్చి చేసే విద్యుత్ చికిత్స బాగా పనిచేస్తుంది. సినిమాలు దానికి తెచ్చిన చెడ్డపేరు అన్యాయం.

మందుకు తోడు మాటల చికిత్స కావాలి. మెట్ట గ్రామాల్లో మనస్తత్వ నిపుణులు ఎక్కడున్నారని మీరు అడగవచ్చు. గోవాలో శిక్షణ పొందిన స్థానిక సలహాదారులే ఆరు నుంచి ఎనిమిది విడతల్లో ‘చేతల చికిత్స’ నడిపారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు ఆ బృందంలో 64 శాతం, సాధారణ వైద్యం పొందినవారిలో 39 శాతం ఉపశమనం పొందారు. వారు 10కి లోపు వస్తే ఉపశమనంగా లెక్కించారు, ఇది మనం చెప్పుకున్న గీటురాయి కంటే సడలింపు. చేతల చికిత్స సూత్రం సులభం: మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పనితో మనసును కదిలించడం. మన ఉదాహరణలో రోజుకు ఒకే చెంచా, అరగంట మాత్రమే. మన రాష్ట్రంలోనే పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి కుంగుబాటును గుర్తించడం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులు ట్యాబ్ సాయంతో చికిత్స చేయడం పరీక్షించారు. ఉదయగిరి వంటి చోటికి సరిపోయే నమూనా అదేనని నా అభిప్రాయం.

దర్గాకు వెళ్ళవద్దని చెప్పాల్సిన పని లేదు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో ప్రార్థన పక్కనే వైద్యం అందించే ‘దవా-దువా’ కార్యక్రమం నడిచింది. మొక్కు తీర్చుకునే రోజుల్లోనూ మాత్ర ఆగకుండా చూస్తే చాలు.

చికిత్స తొలి వారాలు జాగ్రత్తగా గమనించాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాని జవాబు ఏది వచ్చినా, మొత్తం ఎంతైనా, ఆరోజే మాట్లాడాలి. ఇంట్లో పురుగుమందు ఉంటే వేరేచోటికి తరలించాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆలోచించండి: పై స్త్రీ పన్నెండో వారంలో 4కు చేరింది. ‘ఇక మాత్రలు ఆపుదామా?’ అని అడిగింది. మీ జవాబు ఏమిటి?

ఇప్పుడే కాదు అన్నది జవాబు. ఉపశమనం వచ్చాక ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే మోతాదు సాగాలి. ఇది రెండో, మూడో దాడి అయితే కనీసం రెండేళ్ళు. ఈ మాత్రలు మత్తుపదార్థాల్లా అలవాటయ్యేవి కావు. అయితే హఠాత్తుగా ఆపితే కళ్ళు తిరగడం, చిరాకు, నిద్రలేమి రావచ్చు. అందుకే ఆపే సమయం వచ్చినప్పుడు వైద్యుడి సలహాతో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. బస్సు తప్పినా, వాన పడినా మాత్రలు అయిపోకుండా పదిరోజులకు సరిపడా ఎక్కువ రాయమని అడగడం మంచిది. తగ్గించే నెలల్లో ఆశా కార్యకర్త అవే తొమ్మిది ప్రశ్నలు నెలకొకసారి అడగాలి. ఆ మూడు గంటల మెలకువ మళ్ళీ మొదలైతే ముందుగా తెలిసేది ఇంట్లోవాళ్ళకే కనుక, భర్తను కూడా కూర్చోబెట్టి అడగాలి.