రౌటరుకు ఎంత కంప్యూటరు కావలెను?

ధవళేశ్వరము వద్ద 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ఆనకట్ట ద్వారా గోదావరి జలములు మండపేట ప్రాంతపు పొలములకు చేరినవి. కాలువ ఎంత నీటిని మోయవలెననునది ఒక లెక్క. ఆ నీటిని ఎన్ని తూముల ద్వారా ఎవరెవరికి పంచవలెననునది మరియొక లెక్క. ఇంటర్నెట్‌లో సమాచారమునకు దారి చూపు రౌటరు విషయమునను ఈ రెండు లెక్కలు వేరువేరు. ఈ భేదమును గుర్తింపనిచో ధనము వ్యర్థమగును, లేదా అవసరమైన వేళ యంత్రము చతికిలబడును.

రౌటింగ్ సాఫ్ట్‌వేరును సాధారణ కంప్యూటరుపై కూడ నడుపవచ్చును. ప్రాగ్ నగరమందలి చార్లెస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆరంభించిన 'బర్డ్' అట్టిదే. అది ఉచితముగా లభించును. అట్టి కంప్యూటరునకు ఎంత శక్తి కావలెను?

సెకనుకు ప్రవహించు సమాచారము ఎక్కువైన కొలది వేగవంతమైన నెట్‌వర్క్ కార్డులు, ప్రాసెసరు కావలెను. మెమరీ మాత్రము ప్రవాహమును బట్టి కాక, గుర్తుంచుకొనవలసిన మార్గముల సంఖ్యను బట్టి పెరుగును. ప్రపంచ మార్గపట్టికలో నేడు పాత పద్ధతి చిరునామాలకే సుమారు 10 లక్షల మార్గములు కలవు. ఒక్కొక్క మార్గమునకు 200 బైట్లు పట్టునని ఊహించినచో, ఒక పొరుగు రౌటరు పంపు పట్టికకు 200 మెగాబైట్లు, ఇద్దరు పొరుగువారికి 400 మెగాబైట్లు అగును. ఎంపికైన మార్గముల ప్రతికి, ఇతర పనులకు, రాబోవు పెరుగుదలకు కూడ చోటు విడువవలెను.

ప్రాసెసరునకు అసలు పరీక్ష మామూలు దినములలో రాదు. ఒక లంకె తెగి మరల కలిసినపుడు లక్షల మార్గములను ఒక్కసారిగా చదివి, ఉత్తమమైన దానిని ఎన్నుకొనవలెను. ఏటిగట్టు ఎత్తును వేసవి నీటిమట్టమును చూచి నిర్ణయింపము గదా!

పెరుగుదలను విస్మరించిన ఫలితమును 2014 ఆగస్టు 12న ప్రపంచము చూచినది. మార్గముల సంఖ్య 5 లక్షల 12 వేలు దాటగా, అంతవరకే చోటు కేటాయింపబడిన పాత రౌటర్లు తడబడి, పలుచోట్ల ఇంటర్నెట్ సేవలు కుంటుపడినవి.

అట్లని ప్రతివారికి పెద్ద యంత్రము అక్కరలేదు. మండపేట వంటి పట్టణమున ఒకే పెద్ద సంస్థ నుండి లంకె పొందు చిన్న నిర్వాహకునికి "తెలియనిదంతయు ఆ వైపునకే" అను ఒక్క మార్గము చాలును. ఊరి బయటికి పోవు దారి ఒక్కటే అయినపుడు దేశపటముతో పనియేమి? రెండు సంస్థల నుండి లంకెలు తీసికొని, ప్రతి గమ్యమునకు మేలైన దారిని తానే ఎంచుకొనదలచిననాడే పూర్తి పట్టిక, దానికి తగిన మెమరీ అవసరమగును. కావున యంత్రము వెల అడుగుటకు ముందు, అది ఎన్ని దారులు ఎరిగి యుండవలెనో తేల్చుకొనుట వివేకము.