డెమో క్లాసు పది నిమిషాలు

ఏటా వేసవిలో మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలోని ప్రైవేటు పాఠశాలలు కొత్త టీచర్ల కోసం చూస్తాయి. బి.ఇడి. పూర్తిచేసిన మన ఆడపిల్లలు ఫైలు పట్టుకుని వెళ్తారు. మంచి మార్కులున్న వాళ్లూ కొందరు ఉత్త చేతులతో తిరిగి వస్తారు. వాళ్లతో కూర్చుని మాట్లాడితే మాకు తెలిసిందేమంటే, చదువులో లోటు లేదు; ఎదుటివాళ్లు ఏం చూస్తారో వీళ్లకు ఎవరూ చెప్పలేదు.

ముందుగా ఒక మాట. ప్రభుత్వ టీచరు పోస్టులకు జరిగే డీఎస్సీలో ఇంటర్వ్యూ లేదు. 2025లో 16,347 పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీలో ఎస్జీటీ, స్కూల్ అసిస్టెంట్లకు పరీక్ష మార్కులకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఇచ్చారు. కాబట్టి టెట్‌లో 150కి 75 వచ్చి బీసీ అర్హత దక్కిందని ఊరుకోకూడదు. ఆపై వచ్చే ప్రతి మార్కూ ర్యాంకును మారుస్తుంది. బీసీ-ఇ వర్తించేవారు ఆ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోవాలి.

డీఎస్సీ వచ్చేదాకా బతుకు ప్రైవేటు బడిలోనే. అక్కడ అసలు పరీక్ష డెమో క్లాసు. మేము చూసిన వాళ్లలో ఎక్కువమంది హెడ్మాస్టరు ముఖం చూస్తూ పాఠం చెబుతారు. పది నిమిషాల్లో అధ్యాయమంతా ముగించాలని పరుగెత్తుతారు. అలా వద్దు. ఒక్క విషయం చాలు. మా దగ్గర సాధన చేసిన ఒకమ్మాయి భిన్నాలు ఎంచుకుంది. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే, "నాలుగే కదా పెద్దది" అన్నాడు ఒక పిల్లవాడు. ఆమె తప్పని చెప్పలేదు. రెండు కాగితాలు వాడి చేతికిచ్చి ఒకటి మూడు ముక్కలు, ఒకటి నాలుగు ముక్కలు చేయమంది. వాడే చూసి నవ్వాడు. పాఠం అక్కడే అయిపోయింది. ఉద్యోగం వచ్చింది.

ఉదాహరణలకు దూరం పోనక్కర లేదు. పుంగనూరులో సైన్సు చెప్పేవాళ్లకు పొట్టి పుంగనూరు ఆవు ఉంది. రవీంద్రుడు 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో. సోషల్ టీచరుకు అంతకంటే ఏం కావాలి? కుప్పంలో తరగతిలో తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలూ ఉంటారు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు అలవాటైన మన పిల్లలు దాన్ని లోపంగా దాచుకుంటారు. భాష తెలియక బెదిరే పిల్లవాణ్ణి దగ్గరికి తీయగలనని ధైర్యంగా చెప్పాలి. ఇంగ్లీషులో అడిగితే చిన్న వాక్యాల్లో నిదానంగా జవాబివ్వండి. బట్టీ పట్టిన పరిచయం రెండో ప్రశ్నకే చిక్కుపడుతుంది.

"మాట వినని పిల్లవాణ్ణి ఏం చేస్తారు?" అని తప్పక అడుగుతారు. ఒక దెబ్బ వేస్తానని నోరు జారవద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. పక్కన కూర్చోబెట్టుకుని కారణం కనుక్కుంటానని చెప్పండి, నిజంగా అదే చేయండి కూడా.

"పెళ్లయితే మానేస్తారా?" అన్న ప్రశ్న మాకు నచ్చదు, కానీ అడుగుతారు. ఇంట్లో అమ్మానాన్నలతో, అత్తమామలతో ముందే మాట్లాడుకుని వెళ్లాలి. ఈ విద్యా సంవత్సరం పూర్తిగా ఉంటాననగలిగితే అంతే చెప్పండి. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి.

జీతం అడగడానికి మొహమాటం వద్దు. వేసవి నెలలకూ ఇస్తారా, పది నెలలకేనా అన్నది ఆ రోజే తేల్చుకోవాలి. ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు. చూపించండి, జిరాక్సులివ్వండి, ఒరిజినల్స్ అక్కడ వదిలి రాకండి. మాకు తెలిసిన ఒకమ్మాయి నమ్మి ఇచ్చేసింది. మరోచోట మంచి ఉద్యోగం వచ్చి సర్టిఫికెట్లు అడిగితే, ఏడాది మధ్యలో వెళ్తే ఇవ్వమన్నారు. మేము ముగ్గురం వెళ్లి బతిమాలి తెచ్చేసరికి ఆ రెండో చోట వేరొకరిని తీసుకున్నారు.