గడ్డి మేసే కృష్ణజింక, ఆకులూ తినే దుప్పి

న్యూఢిల్లీ: గొర్రె తల వంచి గడ్డి మేస్తుంది, మేక ముంగాళ్లెత్తి కొమ్మను అందుకుంటుంది. కాపరులకు తెలిసిన ఈ భేదం అడవి జంతువులలోనూ ఉంది. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల దుప్పి వానకాలంలో లేత గడ్డిని, ఎండాకాలంలో రాలిన ఆకులను, పూలను, పండ్లను తింటుంది. కొండముచ్చులు చెట్లపై నుంచి జారవిడిచే రెమ్మల కోసం వాటి కిందకే చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకకు అంత వెసులుబాటు లేదు. గడ్డి కరవైనప్పుడు తుమ్మకాయలు తిన్నా, దాని ప్రధానాహారం పచ్చికే. శత్రువును దూరం నుంచే పసిగట్టడానికీ దానికి చదునైన మైదానం కావాలి. 1988లో బట్టమేక పక్షి కోసం ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం (నేటి నంద్యాల జిల్లా) అటువంటిదే. ఇలాంటి నేలను బీడుగా లెక్కగట్టి మొక్కలు నాటితే పచ్చదనం పెరగవచ్చు గాని, జింకకు మేత తరుగుతుంది. అప్పుడు పక్కనున్న పంటచేలే దానికి దిక్కు.