సింగూరు వాటాకు అంకె వుంది, తేదీ లేదు
నిజాంసాగర్ ఆయకట్టు రైతులకు ఏటా తప్పని ఎదురుచూపు

బాన్సువాడ: వానలు మొహం చాటేసిన ప్రతి ఏడూ ఈ ప్రాంత రైతు రెండు ప్రశ్నలు అడుగుతాడు. నిజాంసాగర్‌లో ఎన్ని అడుగుల నీళ్లున్నాయి? సింగూరు నుంచి ఎప్పుడు వదులుతారు? మొదటి ప్రశ్నకు కాలువ మీద తిరిగే లష్కరు కూడా జవాబు చెప్పగలడు. రెండో ప్రశ్నకు ఇంజనీరు కూడా చెప్పలేడు. ఆ జవాబు హైదరాబాదులో వుంటుంది.

సింగూరు నీటి పంపకంలో నిజాంసాగర్‌కు 8.35 టి.ఎం.సి.లు, మెదక్ దగ్గరి ఘనపురం ఆనకట్టకు 4.06, జంట నగరాల తాగునీటికి 6.96 అని లెక్క వుంది. దశాంశాల దాకా వెళ్లి వాటా తేల్చిన పెద్దలు, ఆ నీటిని ఏ నెలలో, ఏ తేదీన వదలాలో తేల్చలేదు. తగవంతా అక్కడే వుంది. పొట్ట దశలో వున్న వరికి మార్చి మొదటివారంలో అందని తడి ఏప్రిల్లో అందితే దానితో గట్ల మీద గడ్డి పెరుగుతుంది తప్ప గింజ గట్టిపడదు.

మంజీర కథ మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో మొదలవుతుంది. లాతూరు ప్రాంతం, కర్ణాటకలోని బీదరు దాటి మన గడ్డ మీదికి వచ్చి, సింగూరు, మంజీర బ్యారేజి, ఘనపురం, నిజాంసాగర్ మీదుగా సాగి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల నడక. ఇన్ని చేతులు మారి వచ్చే నదికి చివరి పెద్ద జలాశయం నిజాంసాగరే. పైవాళ్లందరూ తాగగా, తోడుకోగా మిగిలినది మనకు దక్కాలి.

ఒకప్పుడు ఇలా లేదు. 1923లో పని ప్రారంభించి 1931లో నిజాంసాగర్ పూర్తి చేసేనాటికి మంజీర మీద దీనికి పైన చెప్పుకోదగ్గది ఘనపురం ఆనకట్ట ఒక్కటే. అది 1905 నాటిది. ఏడవ నిజాం కాలంలో చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో కట్టిన ఈ ప్రాజెక్టులో మొదట దాదాపు 29.7 టి.ఎం.సి.లు నిలిచేవి. ఆ నీటిని నమ్ముకొనే కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బీర్కూరు, బాన్సువాడ చుట్టుపట్ల క్యాంపులు వేసుకున్నారు. ఆ నీటిని నమ్ముకొనే బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలిసింది. క్యాంపులు ఊళ్లయ్యాయి. కర్మాగారం మాత్రం 2015 డిసెంబరులో మూతపడింది.

పూడిక తిన్న సాగరం

నలభై యేళ్లు తిరిగేసరికి ప్రాజెక్టు అడుగున మట్టి మేట వేసింది. బీడు, బీదరు నల్లరేగళ్ల నుంచి ప్రతి వరదా ఇంత ఒండ్రు మోసుకొస్తే ఏ సాగరమైనా ఏం చేస్తుంది? నిల్వ శక్తి సగానికి పైగా పడిపోయింది. 1970లలో నీటిమట్టాన్ని నాలుగడుగులకు పైగా పెంచి 1405 అడుగులు చేశారు. దానితో నిల్వ 17.8 టి.ఎం.సి.లకు చేరింది. కట్టిననాడు వున్నదానితో పోలిస్తే ఇది ఆరు పాళ్లు మాత్రమే. ఆయకట్టు మాత్రం కాగితం మీద 2 లక్షల 31 వేల ఎకరాలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైన సింగూరుకు రూపం వచ్చింది. జంట నగరాలకు అప్పటిదాకా మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దిక్కు. అవి చాలక 1965లో మంజీర బ్యారేజి నీరు తీసుకెళ్లారు. అదీ చాలలేదు. 1975లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య ఒప్పందాలు కుదిరాయి. గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్ 1980లో వాటిని తీర్పులో చేర్చింది. ఆ ఒప్పందం ప్రకారం మంజీరలో నిజాంసాగర్ కింద 58 టి.ఎం.సి.లు వాడుకోవచ్చు, సింగూరు వద్ద 30 టి.ఎం.సి.ల జలాశయం కట్టుకోవచ్చు, అందులోంచి హైదరాబాదు తాగునీటికి 4 టి.ఎం.సి.లు తీసుకోవచ్చు. నాలుగు అన్నది తర్వాతి పంపకంలో ఏడుకు దగ్గరైంది. యాభై ఎనిమిది అన్నది మాత్రం రికార్డుల్లో అలాగే నిద్రపోతోంది. పై రాష్ట్రాల చెరువులు, బ్యారేజీలు నిండితే గాని మనకు ధార కట్టదు. 2016 ఎండాకాలంలో లాతూరుకు రైలు బండ్ల మీద తాగునీరు మోయవలసి వచ్చిందంటే, నదికి పుట్టిన చోటే ఏ గతి పట్టిందో పాఠకులు ఊహించుకోవచ్చు.

తాగునీటికి అడ్డు చెప్పేవారు ఆయకట్టులో ఎవరూ లేరు. గుక్కెడు నీళ్ల కోసం బిందె పట్టుకున్న ఆడబిడ్డతో పొలం తగువుకు దిగదు. అయితే హైదరాబాదుకు 2004 నుంచి కృష్ణా నీరు, 2015 నుంచి గోదావరి నీరు వస్తున్నాయి. సింగూరు మీద నగరం భారం తగ్గినప్పుడు ఆ మిగులు ఎవరి పద్దులో వేశారన్నది ఇక్కడి రైతుల న్యాయమైన ప్రశ్న. ఇదిలా వుండగా సింగూరు చుట్టుపక్కల వారికీ తమ బాధ వుంది. భూములు మునిగింది వారివి. అందోలు ప్రాంతంలో 40 వేల ఎకరాలకు కాలువలు తవ్వారు. ఊరూరా నల్లా నీటి పథకానికి కూడా సింగూరే ఆధారమైంది. 2017-18లో నీరు కిందికి వదిలిన తర్వాత సింగూరు అడుగంటితే, సంగారెడ్డి తాగునీటిని నిజామాబాదు వైపు మళ్లించారని అప్పటి అక్కడి శాసనసభ్యులు శ్రీ జగ్గారెడ్డి ఆందోళనకు దిగారు. బాన్సువాడ శాసనసభ్యులు శ్రీ పోచారం శ్రీనివాసరెడ్డి ఆనాడు వ్యవసాయ మంత్రి. పదవి ఎటు వుంటే నీరు అటు పోతుందని పైవారి అనుమానం. రాజధానికి దగ్గరున్న వారి మాటే చెల్లుతుందని మన వారి అనుమానం. తేదీ రాసి లేని చోట అనుమానాలు పుట్టక ఏం పుడతాయి?

2016లో జిల్లాలు విడదీశాక నదికి కొత్త హద్దులు వచ్చాయి. సింగూరు సంగారెడ్డిలో, ఘనపురం మెదక్‌లో, నిజాంసాగర్, బాన్సువాడ కామారెడ్డిలో, బోధన్, వర్ని నిజామాబాదులో పడ్డాయి. రెండు జిల్లాల పంచాయితీ నాలుగు జిల్లాల పంచాయితీ అయింది. జిల్లాలు చిన్నవయ్యాయి గాని తగవులు చిన్నవి కాలేదు.

వాటా మొత్తం వచ్చినా...

8.35 టి.ఎం.సి.లంటే ఎంత పొలం? టి.ఎం.సి. నీటితో ఆరేడు వేల ఎకరాల వరి పండుతుందన్నది ఈ కాలువల మీద వాడుక లెక్క. కాలువలు బాగుంటే పది వేలు పారించవచ్చునని ప్రభుత్వం చెప్పే లెక్క. వాడుక లెక్కనే పట్టుకుంటే సింగూరు వాటా చుక్క పోకుండా వచ్చినా 50 నుంచి 58 వేల ఎకరాలు దాటదు. అంటే ఆయకట్టులో నాలుగో వంతు. అదీ చుక్క పోకుండా వస్తే. సింగూరు గేటు నుంచి నిజాంసాగర్ దాకా దారి పొడుగునా ఎండిన ఇసుక తాగుతుంది, ఒడ్డున మోటార్లు తోడుతాయి, ఘనపురం ఆనకట్ట నిండాలి. వాగు తడిసి వున్నప్పుడు వదిలిన నీటికీ, నడి వేసవిలో వదిలిన నీటికీ గమ్యం చేరేసరికి చాలా తేడా వుంటుంది. తేదీ కావాలనడానికి ఇది మరో కారణం.

ప్రధాన కాలువకు 1500 క్యూసెక్కుల చొప్పున వదిలితే ఒక టి.ఎం.సి. ఎనిమిది రోజులకు ముందే ఖర్చయిపోతుంది. అందుకే అధికారులు విడతలు పెడతారు, తడికీ తడికీ మధ్య కాలువ బంద్ చేస్తారు. చెరకు వున్న రోజుల్లో అందరికీ ఒకే వారం నీరు అవసరమయ్యేది కాదు. చక్కెర కర్మాగారం మూతపడ్డాక చెరకు పొలాలు వరి మడులయ్యాయి. అందరి నాట్లూ ఒక పక్షంలో, అందరి పొట్ట దశా ఒక పక్షంలో. కాలువ మాత్రం అదే కాలువ.

పైగా రాష్ట్రంలో ముందుగా నాట్లు వేసే ప్రాంతాల్లో మనదొకటి. బోర్లున్న వారు మే నెలలోనే నార్లు పోస్తారు, జూన్‌లో నాట్లు ముగిస్తారు, దసరా నాటికి వడ్లు కల్లంలో పడతాయి. వడగండ్ల, తుపానుల బెడద తప్పించుకోవడానికి ఇది పెద్దల నుంచి వచ్చిన పద్ధతి. కాని జూన్‌లో నిజాంసాగర్ అట్టడుగున వుంటుంది. ఆ నెలలోనే సింగూరు వారు తాగునీటికని గేట్లు బిగించుకుంటారు. వారి జాగ్రత్తా తప్పు కాదు. కాని ముందే చెబితే బోరు లేని రైతు నారు పోయకుండా ఆగేవాడు. చెప్పకపోవడం వల్ల విత్తనాలూ దున్నకం ఖర్చూ మట్టిపాలవుతాయి.

బాబ్లీని చూడండి

పక్కనే గోదావరి మీద బాబ్లీ బ్యారేజి వుంది. దానికి జరిగినంత గొడవ మంజీరకు ఎన్నడూ జరగలేదు. 2010 జూలైలో శ్రీ చంద్రబాబు నాయుడును, ఆయన పార్టీ శాసనసభ్యులను మహారాష్ట్ర పోలీసులు ధర్మాబాదులో నిర్బంధించిన సంగతి అందరికీ గుర్తే. చివరకు 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు బాబ్లీ గేట్లు ఎత్తి వుంచాలి, మార్చి 1న 0.6 టి.ఎం.సి. కిందికి వదలాలి. తీర్పుతో నష్టపోయామని మన వైపు చాలామంది అన్నారు. కావచ్చు. కాని జూలై 1 వచ్చిందంటే గేట్లు లేస్తాయి, ఎవరి కాళ్లూ పట్టుకోనక్కరలేదు. 0.6 టి.ఎం.సి.కి తేదీ వుంది. 8.35 టి.ఎం.సి.లకు లేదు. రెండు రాష్ట్రాల మధ్య కుదిరినది ఒకే రాష్ట్రంలోని నాలుగు జిల్లాల మధ్య ఎందుకు కుదరదో ఈ విలేకరికి బోధపడటం లేదు.

కొత్త ఆశ కూడా ఒకటి పుట్టింది. 2021 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు కొండపోచమ్మసాగర్ నీటిని హల్దీవాగులోకి వదిలారు. అది మంజీరలో కలిసి నిజాంసాగర్ చేరింది. మండుటెండలో వాగు పారుతుంటే జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు. అది ఎన్నో మెట్లు ఎత్తిపోసిన గోదావరి నీరు, ప్రతి మెట్టుకూ కరెంటు బిల్లు వుంటుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ వద్ద పిల్లర్లు కుంగాక ఆ నీటిని చూసుకొని నాట్లు వేసే ధైర్యం సన్నగిల్లింది.

మన తూముల సంగతి

సింగూరును తిట్టే నోటితో మన తూముల సంగతీ చెప్పుకోవాలి. బాన్సువాడ వాళ్లు సింగూరుకు కిందివాళ్లే గాని కాలువ మీద మాత్రం పైవాళ్లు. ఈ కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ దాటి నిజామాబాదు, ఆర్మూరు వైపు పోతుంది. నీరు తగ్గిన ఏడు పై డిస్ట్రిబ్యూటరీల తూములు రాత్రిళ్లు తెరుచుకుంటాయి, షట్టర్ల కింద రాళ్లు పడతాయి, లష్కరు చెబితే వినేవారుండరు. చివరి పొలాలకు అందకనే గోదావరి నుంచి అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు పెట్టవలసి వచ్చింది. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినప్పుడు వంతులు కుదురుతాయనుకున్నారు. సంఘాలు కాలువ మరమ్మతు పనుల మీద చూపిన శ్రద్ధ వంతుల మీద చూపలేదు. సింగూరు మనకు చేస్తున్నదని మనం మొరపెట్టుకునేదే మనం బోధన్ వైపు రైతుకు చేస్తున్నాం. ఈ మాట రుచించని వారు వుంటారు.

2015లో నిజాంసాగర్ నేల బీటలు వారింది. ఏడాది తిరక్కుండానే 2016 సెప్టెంబరులో వరద ముంచెత్తి గేట్లు ఎత్తారు. నిండిన ఏడు ఎవరికీ వాటాలు గుర్తుండవు, ఉత్తర్వుల ఊసే వుండదు. ఎండిన ఏడు అడిగితే నీళ్లు లేవంటారు. కనుక తేదీల సంగతి తేల్చుకోవలసింది నిండిన ఏడే. సింగూరులో ఇన్ని అడుగులుంటే ఫలానా తేదీన ఇన్ని టి.ఎం.సి.లు కిందికి, అంతకు తగ్గితే అందరికీ అదే పాళ్లలో కోత, తాగునీటికి ముందుగా పక్కన పెట్టినది పక్కనే. ఇంతే కావలసిన కాగితం. యాసంగికి నార్లు పోసేది నవంబరు చివర, డిసెంబరులో. నీటి నిర్ణయం చెప్పే సమావేశం అంతకు ముందు, అక్టోబరులోనే జరగాలని, ఆ పట్టికను ప్రతి గ్రామపంచాయితీ గోడ మీద అంటించాలని ఆయకట్టు రైతులు కోరుతున్నారు.