బండికి అడ్డం నిలిచారు, భయం వీడారు

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట పెద్ద ఊరేమీ కాదు. కూలి నాలి చేసుకుని బతికే కుటుంబాలే ఎక్కువ. 1990 దశకం మొదట్లో ఆ ఊరి ఆడవారు సారాను పొలిమేర దాటించిన సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. అంతకు ముందు వారెంత భయపడ్డారో చెప్పుకునేవారు మాత్రం తక్కువ.

ఆ భయం ఉత్తిత్తిది కాదు. కూలి డబ్బు సారా కొట్టుకు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అడిగితే దెబ్బలు. కంట్రాక్టరా, సర్కారు వేలంలో డబ్బు పోసి పాడుకున్నవాడు. అతని వెనుక మనుషులుంటారు, పిలిస్తే పోలీసులూ వస్తారు. ఊరికి వచ్చిన మంత్రికి మొరపెట్టుకున్నారు, సర్పంచికి చెప్పుకున్నారు. కొట్టు మూతపడలేదు. పెద్దల వల్లే కానిది మన వల్ల ఏమవుతుందిలే అని కొంతకాలం ఊరుకున్నారు.

అప్పుడు జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం కింద రాత్రి బడులు నడుస్తున్నాయి. పగలంతా పొలంలో వంగిన మనుషులు రాత్రికి పలకా బలపం పట్టి కూర్చునేవారు. వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం వచ్చింది. మగని తాగుడుకు కాపురం చెడిన సీతమ్మ చివరకు చనిపోతుంది. ఆ చావుకు బాధ్యులెవరు అన్న ప్రశ్న లేచింది. చర్చ పాఠం దగ్గర ఆగక సొంత ఊళ్ళోకి వచ్చింది. ఎవరికి వారు తలుపు మూసుకుని ఏడ్చినంతకాలం అందరి ఇళ్ళ గుట్టూ ఒకటేనని తెలియదు కదా!

ఆ చర్చల తరువాత వందమంది దాకా కలిసి ఊళ్ళోకి వస్తున్న కల్లు బండికి అడ్డం నిలిచారు. కల్లు పారబోయమన్నారు. నీకు నష్టమైతే మనిషికో రూపాయి వేసుకుని ఇస్తాం అన్నారు. బండివాడు బెదిరిపోయాడు. ఊరికి కల్లు రావడం ఆగింది.

తరువాత వచ్చింది సారా జీపు. ఇది అంత తేలిక కాలేదు. వేలంలో డబ్బు కట్టాం, పోలీసులను పిలుస్తాం అని సారా వారు గదమాయించారు. ఆడవారు కదలలేదు. కలెక్టరు దగ్గరకే పోదాం రమ్మన్నారు. జీపు వెనుదిరిగింది, కొట్టు మూతపడింది.

ఈ ఉదంతమే తరువాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమయింది. దాన్ని చదివిన ఊళ్ళలోనూ సారా పాకెట్లు తగలబడ్డాయి. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. అక్కడ మాత్రం గెలిచింది ఆడవారు కాదనే చెప్పాలి.

ఊరి పేరే ఇంటిపేరన్నట్లు పేరుపడిన దూబగుంట రోశమ్మ, అసలు పేరు వర్ధినేని రోశమ్మ, ఈ పోరాటంలో ముందు నడిచారు. ఆమె 2016లో కన్నుమూశారు. ఆమె పేరు నిలవడం న్యాయమే. కాని ఆనాడు బండి ముందు నిలిచి, సాయంత్రం ఇంటికి పోయి మగని ఎదుట పడవలసిన తక్కినవారి ధైర్యం తక్కువదా? జీపు వెళ్ళిపోతుంది. మగడు ఇంట్లోనే ఉంటాడు.

సారా పోయాక చేతిలో నాలుగు డబ్బులు మిగలసాగాయి. జిల్లాలో 'పొదుపులక్ష్మి' సంఘాలు పుట్టాయి. బ్యాంకు మెట్లెక్కడానికి జంకిన వారు సంఘం లెక్కలు చూసుకోవడం, వేలిముద్ర మాని సంతకం పెట్టడం నేర్చారు. ఆ సంఘాల్లో పొదుపు రోజుకు ఒక రూపాయి. కల్లు బండివాడికి ఇస్తామన్నదీ మనిషికి రూపాయే.