కాబోయే పంతుళ్లకు సెల్‌ఫోనే పలక

ఏలూరు: గుడివాకలంక, ఆగడాలలంక వంటి కొల్లేటి ఊళ్లలో బడికి వచ్చే పిల్లవాడికి గూడబాతు తెలుసు, కొర్రమీను తెలుసు, దోనె తెలుసు. రాష్ట్రమంతటికీ ఒకటే వాచకం కనుక అందులో ఇవన్నీ ఇమడవు. ఆ లోటు తీర్చవలసింది పంతులే. మరి ఆ పంతులుకు రాయడం అలవాటు చేసేదెవరు?

ఉపాధ్యాయ శిక్షణలో రాతకు కొదవ లేదు. పాఠ్య పథకాలు, పరిశీలన రికార్డులు అట్టలు వేసి మరీ రాస్తారు. మార్కులు పడ్డాక అవి అటకెక్కుతాయి. దిద్దే అధికారి తప్ప చదివేవారుండరు.

దూబచర్ల డైట్

1986 జాతీయ విద్యా విధానంతో దేశంలో జిల్లా శిక్షణ సంస్థలు వెలిశాయి. ఉమ్మడి పశ్చిమ గోదావరికి దక్కినది తాడేపల్లిగూడేనికి చేరువలోని దూబచర్ల డైట్. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ల కోర్సయింది. చదివినదానిపై ఆలోచించి రాయడం, కంప్యూటర్ పరిజ్ఞానం అందులో భాగమయ్యాయి. అంటే నిబంధనలు అడ్డు కావు.

కాణీ ఖర్చు లేదు

ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో బొమ్మలు సిద్ధంగా ఉంటాయి. వాటిని ఎంచుకుని ఎవరైనా తెలుగులో పిల్లల కథ రాసి అందరికీ అందించవచ్చు. చదివే పిల్లల స్థాయిని బట్టి కథలకు 4 మెట్లున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మన ఊళ్లకు పేజీలున్నా చాలావాటిలో జనాభా లెక్కలే ఎక్కువ. అక్కడ ఎవరు ఎప్పుడు ఏ మాట మార్చారో మీట నొక్కితే కనిపిస్తుంది. శిష్యుడి రాత ఎలా మెరుగుపడిందో గురువుకు అంతకంటే రుజువేం కావాలి?

చిక్కులూ ఉన్నాయి. డీటీపీ షాపుల్లో అను ఫాంట్‌తో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని చోట పిచ్చిగీతలే. యూనికోడ్‌లో కొడితే ఏ ఫోనులోనైనా చదవవచ్చు. ఈ సంగతి శిక్షణ తొలి వారంలోనే చెప్పాలి. ఇక కృత్రిమ మేధ అడిగిన వ్యాసాన్ని క్షణంలో రాసిస్తోంది. కానీ 2006లో కొల్లేటి చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు తన ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో లంకలోని ముసలమ్మే చెప్పాలి. అది విని రాయడమే అసలైన శిక్షణ.

ఏటా ఒక్కో ఛాత్రోపాధ్యాయుడు ఒక పిల్లల కథ, ఒక ఊరి పేజీ రాసినా చాలు. కొల్లేటి పిల్లలు తమ మాటను తామే చదువుకుంటారు. శిక్షణ కళాశాలలు ఈ దిశగా ఆలోచించాలి.